వరుసలో చివరి ఎలుకలు

దోన్ సిరిలో గొదోయ్ అనే ఆయన మీద నేను రాసిచ్చిన ఉత్తరం ఒక పేజీ కూడా లేదు. టైపు మిషను మీద పదిహేడు పంక్తులు వచ్చింది. పదహారు పంక్తుల్లో ఉన్నవి నా అనుమానాలు. ఒక పంక్తి పచ్చి అబద్ధం. ఆ అబద్ధం ఎందుకు ఆడానో చెప్పాలంటే, అప్పట్లో నేను ఏ పదార్థం వెంటపడి తిరిగానో ముందు చెప్పాలి.

అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్లు. బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక శరీరధర్మ పరిశోధన సంస్థలో, మూడో అంతస్తులో, ప్రొఫెసర్ బర్రియోస్ దగ్గర పనిచేసేదాన్ని. మా పనంతా పీయూష గ్రంథి మీద. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉంటుంది. ఒంట్లోని చాలా గ్రంథులకు పని చెప్పేది అదే. దానికి పని చెప్పేది మాత్రం పైనున్న మెదడు. చిన్న చిన్న అణువులను కబుర్లుగా కిందికి పంపుతుంది. కబురు అందగానే గ్రంథిలోని కణాలు తమ దగ్గరున్న హార్మోనును రక్తంలోకి వదులుతాయి. తల్లికి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ దగ్గర మాత్రం వ్యవహారం తలకిందులు. ఆ కణాలు ఎప్పుడూ వదలడానికే సిద్ధంగా ఉంటాయి. వద్దు, ఆగండి అంటూ మెదడు డోపమైన్ అనే అణువును క్షణం విడవకుండా పంపుతూ వాటిని పట్టి ఉంచుతుంది. ఆ పట్టు కాస్త సడలితే చాలు, నిమిషాల్లో రక్తంలో ప్రొలాక్టిన్ పెరిగిపోతుంది.

ఆ పట్టును సడలించే అణువు ఏదైనా ఆ గ్రంథిలోనే పుడుతోందా అన్నది నా ప్రశ్న. మంగళవారం మంగళవారం పొద్దున్నే కబేళాకు వెళ్లి, ఆవుల పీయూష గ్రంథులను మంచు డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చుకునేదాన్ని. వాటిని నూరి, వడగట్టి, నిలువెత్తు గాజు గొట్టంలోంచి దింపి, దిగిన ద్రవాన్ని వరసగా ముప్ఫై చిన్న గొట్టాల్లో పట్టేదాన్ని. పద్నాలుగో గొట్టంలోది ఎలుకలకు ఎక్కిస్తే వాటి రక్తంలో ప్రొలాక్టిన్ మూడింతలైంది. ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించిన ఎలుకల్లో మామూలుగానే ఉంది. మళ్లీ చేశాను, అంతే. ఆరుసార్లు చేసినా అంతే. మా అంతస్తులో అందరూ దాన్ని పద్నాలుగు అని పిలవసాగారు. పసిబిడ్డను గురించి అడిగినట్టు, పద్నాలుగు ఎలా ఉంది అని గుమ్మంలోనే అడిగేవారు. 1986 నవంబరులో మార్ దెల్ ప్లాటా సదస్సులో దాని గురించి మాట్లాడాను. ప్రొఫెసర్ బర్రియోస్ ముందు వరసలో కూర్చుని, తన పక్కవాళ్లకు నన్ను చూపించి ఏదో చెబుతుండడం వేదిక మీంచి కనిపించింది.

దోన్ సిరిలో మా జంతుశాల చూసుకునే మనిషి. జంతుశాల కింద నేలమాళిగలో ఉండేది. ఆయన ఉత్తరాన ఉన్న కొర్రియెంతెస్ నుంచి వచ్చినవాడు, ఆ పనిలో అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. పొట్టి మనిషి, గట్టి చేతులు. ప్రతి ఎలుకనూ రోజుకొకసారైనా చేతిలోకి తీసుకుని వీపు నిమిరి వదిలేవాడు. వాటితో తమ వైపు గ్వారనీ భాషలో మాట్లాడేవాడు. మాతో మాత్రం అవసరమైతేనే. గూట్లో ఒక చిన్న రేడియో ఉండేది, అందులో వాళ్ల వైపు అకార్డియన్ పాటలు వచ్చేవి. ప్రయోగం ఉన్న రోజు ఇరవై ఎలుకలను నాలుగు బోనుల్లో పెట్టి, సామాన్ల లిఫ్టులో పైకి తెచ్చి, మా గదిలో కిటికీ పక్కన బల్ల మీద ఉంచి వెళ్లేవాడు. ముందుగా సగం ఎలుకలకు ఉప్పునీళ్లు, తరవాత మిగిలిన సగానికి పద్నాలుగు. ఎక్కించిన ఇరవై నిమిషాలకు ఒక్కోదాన్నీ తెర వెనక్కి తీసుకుపోయి, చిన్న గిలటిన్‌తో తల తీసి, రక్తం పట్టుకునేదాన్ని. రెండు మూడు ఎలుకలు మిగిలితే బోనుతో సహా కిందికి పంపేసేదాన్ని.

మరుసటి ఏప్రిల్‌లో ఒకరోజు ఆయన పని లేకుండానే పైకి వచ్చాడు. అది ఆయన అలవాటు కాదు. చేతిలో మాతే అనే ఆకు టీ తాగే బుర్ర ఉంది. తాగడం లేదు, ఊరికే పట్టుకున్నాడు. నేను లెక్కలు వేసుకుంటున్నాను.

“డాక్టరమ్మా, నిన్న మీరు తిరిగి పంపారే, ఆ మూడింటికీ ముక్కు చుట్టూ ఎర్రగా కారింది. పొద్దుటిదాకా తిండి ముట్టలేదు. అవన్నీ ఆ గదిలో అంతసేపు ఉండకూడదమ్మా. కింద నా దగ్గరే ఉంచుకుని ఒక్కోటీ తెచ్చిస్తాను.”

ఒక్కోటీ అంటే ఇరవై సార్లు లిఫ్టు. ఆ లిఫ్టు ఎంత మెల్లగా కదులుతుందో అందరికీ తెలుసు. నేను కాగితాల మీంచి తల ఎత్తకుండానే, ఎలుకల సంగతి మీరు చూసుకోండి, ప్రయోగం సంగతి నేను చూసుకుంటాను అన్నాను. ఆయన సరేనని వెళ్లిపోయాడు. భయపడిన ఎలుకకు కళ్లలోంచి, ముక్కులోంచి ఎర్రటి ద్రవం కారుతుందని రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

జూన్‌లో ఒక చిన్న మార్పు చేశాను. పద్నాలుగును ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించాక, ఎక్కువసేపు ఉంచితే బలం తగ్గుతోందేమోనని అనుమానం వచ్చింది. అందుకని ముందు దాన్నే ఎక్కించి, ఉప్పునీళ్ల ఎలుకలను తరవాత చూడడం మొదలుపెట్టాను. నోటు పుస్తకంలో తేదీ వేసి ఒక వాక్యం రాసుకున్నాను కూడా. అక్కడినుంచి అంతా తప్పింది. ఉప్పునీళ్ల ఎలుకల్లోనే ప్రొలాక్టిన్ ఆకాశాన్నంటింది. పద్నాలుగు ఎక్కించినవి ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. అదే నెలలో కోర్దోబా నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి ప్రయోగశాలలో ఒబ్రెగోన్ అనే ఆయన నా పద్ధతిలోనే గ్రంథులు నూరి, పద్నాలుగో గొట్టం పరీక్షించాడట. ఏ తేడా కనిపించలేదట, ఏం పొరపాటు చేస్తున్నానో చెప్పగలరా అని మర్యాదగా అడిగాడు.

అప్పటికే నా వ్యాసం విదేశీ పత్రికలో అచ్చుకు ఒప్పుకున్నారు. ప్రొఫెసర్ బర్రియోస్ నన్ను గదికి పిలిచి, ఉప్పునీళ్ల ఎలుకలు ఎందుకు పాడవుతున్నాయో పది రోజుల్లో కనుక్కోమన్నాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను నా బల్ల దగ్గర వెతుక్కునేదాన్నేమో. మెత్తగా అడిగేసరికి, తప్పు నా బల్ల దగ్గర ఉండకూడదనిపించింది. నేలమాళిగలో వెతకడం మొదలుపెట్టాను.

కింద రేడియో ఉంది. చప్పుడుకు ఎలుకలు బెదురుతాయి, బెదిరితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది, ఇది అందరికీ తెలిసిందే. నేను చూసినప్పుడు రేడియో చిన్నగా మోగుతోంది. పెద్దగా అని రాశాను. ఒక బోనులో నీళ్ల సీసా సగానికి దిగి ఉంది. నిర్లక్ష్యం అని రాశాను. ఇవి చాలవనిపించింది. జంతుశాలలో దీపాలు ఆరిపోయే వేళ ఒకటుంటుంది, ఆ వేళలో తలుపు తెరిస్తే బయటి వెలుగు పడి హార్మోన్లన్నీ తారుమారవుతాయి. అందుకని, చీకటి వేళల్లో తలుపు తెరిచి ఉంచడం స్వయంగా గమనించాను అని ఒక పంక్తి కలిపాను. నేను గమనించలేదు. ఆ వేళప్పుడు ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. టైపు చేస్తున్నప్పుడు వేళ్లు ఆగాయని చెబితే బాగుంటుంది గాని, ఆగలేదు.

వారం తిరక్కుండా డైరెక్టరు ఆఫీసు దోన్ సిరిలోను గాజు సామాను కడిగే గదికి మార్చింది. జంతుశాల తాళాలు నాకు అప్పగించమన్నారు. ఆయన పైకి వచ్చి తాళాల గుత్తిని బల్ల మీద పెట్టాడు. ఏ తాళం ఏ గదిదో ఒక్కోటీ చెప్పాడు. గర్భంతో ఉన్న ఎలుకల బోను గోడవైపు ఉందని, దాన్ని జరపవద్దని చెప్పాడు. ఆఫీసులో తనకు ఉత్తరం చదివి వినిపించారని అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు కలిగింది సిగ్గు కాదు, తేలిక. దాన్ని తలుచుకున్నప్పుడే ఇప్పుడు ఎక్కువ సిగ్గు వేస్తుంది.

ఆయన స్థానంలో ఊడ్చే విభాగం నుంచి ఒకతన్ని వేశారు. రేడియో తీసేశారు. తలుపుకు రబ్బరు పట్టీ వేయించాను. ఉప్పునీళ్ల ఎలుకల అంకెలు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగాయి. రోజూ నిమిరే చెయ్యి లేక, పట్టుకోబోతే అవి కరవడం మొదలుపెట్టాయి. నా ఎడమ బొటనవేలికి రెండు కుట్లు పడ్డాయి.

ఇక నిందించడానికి ఎవరూ మిగల్లేదు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, ఏడాదిన్నర నోటు పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. రక్తం పట్టిన గొట్టాల మీద, ఏ ఎలుక తరవాత ఏది అన్న వరస ప్రకారం నంబర్లు వేసేదాన్ని. అంతదాకా అంకెలను ఎప్పుడు చూసినా ఉప్పునీళ్లవి ఒక పక్క, పద్నాలుగువి ఒక పక్క పెట్టుకునే చూశాను. ఆ రోజు ఎందుకో, ఏం ఎక్కించానన్నది వదిలేసి, వరస ప్రకారం గళ్ల కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోయాను. మొదటి ఎలుక కింద ఉంది. రెండోది దాని పక్కనే. ఏడో ఎలుక నుంచి చుక్కలు లేవడం మొదలైంది. ఇరవయ్యోది కాగితం పై అంచు దగ్గర ఉంది. ఇంకో తేదీ తీశాను, ఇంకో రంగు పెన్సిలు తీసుకున్నాను. అదే మెట్లు. జూన్‌కు ముందూ అవే మెట్లు, జూన్ తరవాతా అవే మెట్లు.

పద్నాలుగుకూ ప్రొలాక్టిన్‌కూ ఏ సంబంధమూ లేదు. తెర వెనక ఏం జరుగుతోందో తెర ఇవతల ఎలుకలకు తెలుస్తోంది. కోత చప్పుడు వినిపిస్తోంది, నెత్తురు వాసన కొడుతోంది. ఆగమన్న కబురు వాటి మెదడులోంచి రావడం తగ్గిపోతోంది, ప్రొలాక్టిన్ పొంగుతోంది. చివరిదాకా ఆగినవి ఏవైతే వాటిలోనే ఎక్కువ. మొదట్లో చివరికి మిగిలినవి పద్నాలుగు ఎక్కించిన ఎలుకలు, జూన్ తరవాత ఉప్పునీళ్ల ఎలుకలు. అంతే తేడా. దోన్ సిరిలో ఏప్రిల్‌లోనే పైకి వచ్చి చెప్పింది ఇదే. ఆయన అంకెలు చెప్పలేదు, ముక్కుల రంగు చెప్పాడు.

ఆయన చెప్పినట్టే చేసి చూశాను. ఎలుకలను కిందే ఉంచి, చీట్లు తీసి, ఏ చీటీ వస్తే ఆ ఎలుకను ఒక్కదాన్నే మెట్ల మీంచి మోసుకొచ్చాను. రెండు వారాల్లో రెండుసార్లు చేశాను. ఉప్పునీళ్లకూ పద్నాలుగుకూ వెంట్రుకవాసి తేడా లేదు.

ప్రొఫెసర్ బర్రియోస్‌కు గళ్ల కాగితం చూపించాను. ఆయన ఒక్కో చుక్కనూ వేలితో వరసగా చూసుకుంటూ పోయాడు. చివరికి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఆ పత్రికకు ఈ రోజే రాయమన్నాడు. తన పేరు కూడా దాని మీద ఉంది కాబట్టి తానూ సంతకం పెడతానన్నాడు. నేను లేవబోతుంటే ఒక మాట అడిగాడు.

“మరి గొదోయ్ సంగతి?”

నేను గళ్ల కాగితం మడత పెట్టసాగాను.

“ఉత్తరం నువ్వే రాశావు, నువ్వే వెనక్కి తీసుకోవాలి. రేడియో సంగతి పొరపాటు పడ్డానంటే సరిపోతుంది. తలుపు కళ్లారా చూశానని రాశావు కదా దెలియా. అది నిజమేనా?”

ఆలోచించుకుని చెబుతానన్నాను. అందులో ఆలోచించాల్సింది ఏముందో ఆయన అడగలేదు. ఉత్తరం వెనక్కి తీసుకుంటే తలుపు సంగతి బయటికి వస్తుంది. వ్యాసం వెనక్కి తీసుకుంటే పొరపాటు పడిన శాస్త్రవేత్తనవుతాను. ఉత్తరం వెనక్కి తీసుకుంటే అబద్ధం ఆడిన మనిషినవుతాను. మొదటిది చేశాను, రెండోది వాయిదా వేశాను. రోజూ సంస్థలోకి వెళ్లేటప్పుడు, గాజు సామాను గది ముందునుంచి పోకుండా పెరటి మెట్ల మీంచి ఎక్కేదాన్ని.

నవంబరులో మళ్లీ మార్ దెల్ ప్లాటా. పోయినేడు పద్నాలుగు గురించి చెప్పిన వేదిక మీదే, పద్నాలుగు లేదని చెప్పాను. గళ్ల కాగితాన్ని స్లైడుగా చేసి చూపించాను. మాట్లాడడం అయిపోయాక దీపాలు వేశారు. తరవాత చప్పట్లు మొదలయ్యాయి. పోయినేటికన్నా ఎక్కువసేపు కొట్టారు. ఎవరో ముసలాయన లేచి, ఇంత నిజాయితీ నలభై ఏళ్లలో చూడలేదన్నాడు. నేను తల వంచుకున్నాను. అణకువ అనుకున్నారు.

టీ వేళ కోర్దోబా ఒబ్రెగోన్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చుట్టూ పది మంది దాకా ఉన్నారు. జూలైలో ఆయనకు జవాబు రాస్తూ, లోపం మా జంతుశాల మనిషి రేడియోలో ఉందని రాశాను. ఆయన అది మరిచిపోలేదు.

“పద్నాలుగు పోయింది, సరే. పాటల పెద్దమనిషి ఏమయ్యాడు? ఇప్పుడు ఎవరికి వినిపిస్తున్నాడు?”

అందరూ నవ్వారు. అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది.

“సీసాలకి,” అన్నాను. “అవి బెదరవు.”

ఇంకా గట్టిగా నవ్వారు. ఒకాయన నా భుజం తట్టాడు. కప్పు చేతిలో పట్టుకుని, ఇంకా నవ్వు మొహంతోనే, నా ఒళ్లు నాకే పరాయిదైనట్టు నిలబడిపోయాను. ఎదురుగా అద్దాల కిటికీలోంచి సముద్రపు ఒడ్డున జనం కనిపిస్తున్నారు. మధ్యాహ్నం సమావేశానికి వెళ్లలేదు. సదస్సు ఇంకో రెండు రోజులు ఉండగానే పెట్టె సర్దుకుని రైలెక్కాను.

మరుసటి రోజు పది గంటలకు గాజు సామాను గదికి వెళ్లాను. దోన్ సిరిలో మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. గాజు కడిగే ఆమ్లం ఘాటు కళ్లలోకి కొట్టింది. నన్ను చూసి నమస్కారం చెప్పి పని సాగించాడు. నేను నిలబడే అంతా చెప్పాను. మెట్లు మెట్లుగా పోయిన చుక్కల సంగతి, ఒక్కో ఎలుకనూ మోసుకొస్తే తేడా పోయిన సంగతి, ఏప్రిల్‌లో ఆయన చెప్పింది నిజమన్న సంగతి. మార్ దెల్ ప్లాటాలో నేనన్న మాట కూడా చెప్పాను. అది దాచి మిగతాది చెబితే మళ్లీ మొదటి ఉత్తరం లాగే అవుతుందనిపించింది. ఆయన ఒక గాజు కుప్పెను మూడుసార్లు జాడించి, బోర్లించి, ఇంకోటి తీసుకున్నాడు.

“రేడియో పెట్టేవాణ్ణి. ఆ మాట నిజమే డాక్టరమ్మా,” అన్నాడు. “తలుపు మాత్రం ఇరవై రెండేళ్లలో ఒక్కనాడు తెరిచి పెట్టలేదు. మీరు చూశానని రాశారు.”

“చూడలేదు.”

“తెలుసు. మీరు ఆ వేళకి ఇంట్లో ఉంటారు.”

డైరెక్టరుకు రాసిస్తానని, ఆ పంక్తి అబద్ధమని నా చేత్తో రాసి సంతకం పెడతానని చెప్పాను. తల ఊపాడు. అయినా నన్ను వెళ్లమన్నట్టు చూడలేదు. తొడుగులు విప్పి తొట్టి అంచు మీద ఆరేశాడు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది.

“ఆఫీసుకి మీరు రాస్తారు. అది మీకూ ఆఫీసుకీ సంబంధించింది. మరి మా ఇంట్లోనో? ఎందుకు మార్చారని మా ఆవిడ అడిగితే, మోకాళ్ల నొప్పులు, నేనే అడిగి మార్పించుకున్నానని చెప్పాను. నిర్లక్ష్యం మనిషినని ఆఫీసులో చదివి వినిపించారని ఎలా చెప్పను? ఆవిడతో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. మీరాడించారు. అది విప్పడం నా వల్ల కావడం లేదు. మీరే వచ్చి చెప్పాలి.”

ఆ మధ్యాహ్నమే డైరెక్టరుకు రాసిచ్చాను. ఈసారి ఆరు పంక్తులే. ఆదివారం లనూస్‌లో వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు, ముందు పందిరి మీద ద్రాక్ష తీగ. ఆయన భార్య దోన్యా ఎర్మెలిందా భారీ మనిషి, ఆయనకన్నా పొడవు. డాక్టరమ్మ ఇంటికి వచ్చిందని బల్ల మీద కుట్టుపని చేసిన గుడ్డ పరిచింది. చిపా రొట్టెలు వేడివేడిగా తెచ్చిపెట్టింది. తినడం మొదలుపెడితే చెప్పలేనని తెలుసు. కూర్చోకుండానే మొదలుపెట్టాను. మీ ఆయన మోకాళ్లకు ఏమీ కాలేదు, నేను ఆయన మీద అబద్ధం రాసిచ్చాను, అందుకే మార్చారు అన్నాను. దోన్ సిరిలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన మెడ ఎర్రబడింది. తప్పు చేసింది నేనైనా, ఆ గదిలో ఇద్దరం సిగ్గుపడుతూ ఉన్నాం. అది నేను ఊహించలేదు.

ఆవిడ పొయ్యి మీంచి నీళ్లు దించింది. మాతే బుర్రలో వేడినీళ్లు పోసి భర్తకిచ్చింది. ఆయన తాగి ఇచ్చాక మళ్లీ పోసి నాకిచ్చింది. నన్ను వదిలేసి పోసుకున్నా నాకు తేలికగానే ఉండేది. వరస తప్పించలేదు.

“ఇన్నేళ్లూ ఈయన ఒంటి మీది ఎలుకల కంపు భరించలేక పోట్లాడేదాన్ని,” అంది చివరికి. “ఈ నాలుగు నెలలూ కంపు లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఈయన మాత్రం భోజనం దగ్గర కూర్చుని గోడ వంక చూసేవాడు. మోకాళ్లు అన్నాడు గదా అని రోజూ సాయంత్రం వేడినీళ్ల కాపడం పెట్టాను. పెట్టించుకునేవాడు. నొప్పి లేని కాళ్లకి నాలుగు నెలలు కాపడం పెట్టించుకున్నాడమ్మా ఈ మనిషి, నా మొహం చూడలేక.”

నేను క్షమించమని అడిగాను.

“వచ్చి చెప్పారు. అది మంచిదే,” అంది. “ఫర్వాలేదని మాత్రం నా నోటితో అనలేను. రొట్టె తినండి, చల్లారిపోతుంది.”

తిన్నాను. దోన్ సిరిలో బస్టాపు దాకా నాతో నడిచి వచ్చాడు. దారిలో గర్భంతో ఉన్న ఎలుకల సంగతి అడిగాడు. ఈనాయని, పిల్లల్లో సగం దక్కలేదని చెప్పాను. బోను జరిపారా అన్నాడు. జరిపారన్నాను.

నా ఉత్తరం మీద సంస్థలో విచారణ జరిగింది. నా సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో మందలింపు రాశారు, రెండేళ్లు పదోన్నతి ఆగింది. ప్రొఫెసర్ బర్రియోస్ నన్ను తన దగ్గరే ఉంచుకున్నాడు గాని, ముందు వరసలో కూర్చుని పక్కవాళ్లకు చూపించడం మళ్లీ ఎప్పుడూ జరగలేదు. జనవరి వేసవి సెలవుల తరవాత, మార్చిలో దోన్ సిరిలోను జంతుశాలకు తిరిగి పంపారు. అప్పటినుంచి మా అంతస్తులో ఏ ప్రయోగమైనా ఒకే పద్ధతి. ఎలుకలన్నీ కిందే ఉంటాయి. చీటీ ప్రకారం ఒక్కోదాన్నీ గుడ్డ కప్పిన బుట్టలో ఆయన మోసుకొస్తాడు. గిలటిన్ ఉన్న గది వేరు, ఎక్కించే గది వేరు. ఆ ఏడాది మా ఉప్పునీళ్ల ఎలుకల అంకెలు ఎంత తక్కువగా, ఎంత నిలకడగా వచ్చాయంటే, డోపమైన్ పట్టు నిజంగా ఎలా సడలుతుందో మొదటిసారి స్పష్టంగా చూడగలిగాం. దాని మీద రాసిన వ్యాసం చివర ఆయనకు కృతజ్ఞతలు చెబుతామంటే, పేరులో అక్షరాలు తప్పు పడకుండా చూడమన్నాడు. పడలేదు, నేనే మూడుసార్లు చూశాను.

ఆయన ఇంకో నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆ నాలుగేళ్లూ నన్ను డాక్టరమ్మా అనే పిలిచాడు, అదే మర్యాద. పొద్దున్నే నేను కిందికి దిగి, ఎలా ఉన్నాయి దోన్ సిరిలో అని అడిగేదాన్ని. అడిగితే అన్నీ చెప్పేవాడు. ఏది తిండి తగ్గించిందో, ఏది పంటితో కమ్మీ కొరుకుతోందో, ఏ బోనులో పోట్లాట జరుగుతోందో, ఒక్కటి వదలకుండా చెప్పేవాడు. అడగని రోజున చెప్పేవాడు కాదు. తనంత తానుగా మెట్లెక్కి నా గదికి మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు.